ఖాళీ కారుకు కొలిచిన రబ్బర్లు

మా ఇంటి ఆడపిల్లను ఇంటి బండిలోనే సాగనంపాలి. అన్నో తమ్ముడో వెంట వెళ్ళి, అత్తవారి గడప దగ్గర దించి రావాలి. తాత కాలంలో ఆ బండి కచ్చడం, పైన గూడు కట్టిన ఎడ్లబండి. బాపు కాలంలో నల్ల కారు. నా కాలంలో, బాపు పోయిన పదకొండో రోజున, మా అక్క జోగిపేట బస్సెక్కి వెళ్ళింది. కారు వాకిట్లోనే ఉంది.

ఆ రోజు కారు కదిలే స్థితిలో లేదు. బాపు మంచాన పడ్డాక దాన్ని ఎవరూ తియ్యలేదు, బ్యాటరీ చచ్చిపోయింది. నాకు నడపడం కూడా సరిగ్గా రాదు. ఆ మాట చెబితే సరిపోయేది. కానీ వాకిలి నిండా చుట్టాలున్నారు, ఊరివాళ్ళున్నారు. వాళ్ళ ముందు మా కారు కదలదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సంగారెడ్డి కోర్టులో పని ఉంది, తీరిక లేదన్నాను. అక్క నా ముఖం చూసింది, కారు వైపు చూసింది, సంచి తీసుకుని నడిచింది. బావ ఆమె వెనక నడిచాడు. ఆ తర్వాత ఏడేళ్ళు ఆమె మా గడప తొక్కలేదు.

భూమి అప్పటికే పోయింది. కొంత ఫ్యాక్టరీల కిందికి, కొంత బాపు మందికిచ్చిన మాటల కిందికి. నేను బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తాగా చేరాను. కంపెనీ బస్సు మా ఊళ్ళోకే వచ్చేది. నేను మాత్రం పెద్ద రోడ్డు దాకా నడిచి అక్కడ ఎక్కేవాణ్ణి. ఊరి నడుమ అన్నం డబ్బా చేతిలో పట్టుకుని బస్సు కోసం నిలబడటం నాకు ఇష్టం లేదు. దీనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను.

ఆ ఏడేళ్ళలో కారును మాత్రం నిలబెట్టాను. నడపడం నేర్చుకున్నాను. ఇంజను విప్పించి కట్టించాను. చివరికి సంగారెడ్డిలో రంగు వేయించాను, బాపు వేయించిన నలుపే, వేరే ఏదీ ఒప్పుకోలేదు. రంగు ఆరిన రోజున అక్కకు ఉత్తరం రాశాను. పెత్రమాసకు, అంటే పెద్దల పేర విస్తరిలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇచ్చే అమావాస్యకు, బాపు పేర బియ్యం ఇచ్చేటప్పుడు నువ్వు ఉండాలని రాశాను. కారు తీసుకుని నేనే వస్తానని రాశాను. జవాబు కార్డు మీద ఒక్క వరుసలో వచ్చింది. కారు తెస్తే వస్తాను, లేకపోతే లేదు. క్షేమసమాచారాలు కూడా లేవు. అయినా ఆ కార్డును చాలాసార్లు చదువుకున్నాను. దస్తూరీ మారలేదు.

అమావాస్యకు ఇంకా మూడు వారాలు ఉన్నాయి. ఒకసారి చూసుకుందామని సంగారెడ్డి దాకా నడుపుకుని వెళ్ళి వచ్చాను. నేను రంగు వేయించి తెచ్చాక ఆ రోడ్డును వెడల్పు చేయడం మొదలుపెట్టారు. మైళ్ళ కొద్దీ కంకర పరిచి వదిలేశారు. ఇంటికి వచ్చి చూస్తే, ముందు చక్రాలు విసిరిన రాళ్ళకు తలుపుల కింద నాలుగు చోట్ల రంగు లేచిపోయి, జొన్నగింజలంత మచ్చలు బూడిదరంగులో కనిపించాయి. ఒక్క ప్రయాణానికే నాలుగు. జోగిపేట పోయి వచ్చేసరికి తలుపు ఏమవుతుందో ఊహించుకున్నాను. అక్క కంటికి ఒక్క మచ్చ కూడా పడకూడదని నా పట్టుదల. ఏడేళ్ళ కింద ఆ వాకిట్లో తళతళలాడుతూ కనబడి కూడా కదలని కారు, ఇప్పుడు అలాగే తళతళలాడుతూ ఆమె గడప ముందుకు వెళ్ళి ఆగాలి.

రాళ్ళు పైకి ఎగరకుండా చక్రాల వెనక రబ్బర్లు వేలాడగట్టాలి. పటాన్‌చెరులో హైవే పక్కన లారీల వాళ్ళకు అమ్మే రబ్బర్లు దొరుకుతాయి. వాటి మీద కళ్ళు, గులాబీలు, రకరకాల రాతలు ఉంటాయి. అవి మా కారుకు కట్టడం ఎలాగూ కుదరదు. పైగా అక్కడ దుమ్ములో నిలబడి, వచ్చేపోయే బస్సుల్లోంచి అందరూ చూస్తుండగా పని చేయించుకోవాలి. ఇంట్లోనే చేసుకుందామనుకున్నాను.

పని తెలిసిన మనిషి ఒకడే ఉన్నాడు. అతని తండ్రి మా ఇంట్లో జీతగాడు. బాపు కారు నడుపుతుంటే ముందు సీట్లో, ఇంజనులో పోసే నీళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. కొడుకు పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇద్దరం ఒకే బావిలో ఈత నేర్చుకున్నాం. అతన్ని పిలవడానికి నేను ఇంటికి వెళ్ళలేదు. దారిలో ఎదురైనప్పుడు వేరే మాటల మధ్య కారు సంగతి చెప్పాను. అతను అర్థం చేసుకున్నాడు. ఆ ఆదివారమే సైకిలు వెనక చుట్ట చుట్టి కట్టుకుని, బొగ్గు మోసే రబ్బరు బెల్టు ముక్క ఒకటి తెచ్చాడు. అరిగిపోయిన బెల్టును ఫ్యాక్టరీలో పక్కన పడేస్తారట. సూపర్‌వైజర్‌ను అడిగే తెచ్చానని, నేను అడక్కముందే చెప్పాడు.

పెద్ద దర్వాజ మూశాను. ఇద్దరమే పనిలో దిగాం. ఆ రబ్బరు మధ్యలో గుడ్డ పొరలున్నాయి, కత్తి కొంచెం దిగి ఆగిపోయేది. చెంబుతో నీళ్ళు పోస్తూ కోయాలని అతను చెప్పాడు. నేను పోస్తుంటే అతను కోశాడు. పొయ్యిలో ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి చిల్లులు పొడిచాడు. కాలిన రబ్బరు కంపు రెండు రోజులు వాకిట్లోంచి పోలేదు. కారు ఒంటికి మాత్రం చిల్లు పెట్టవద్దన్నాను. రేడియో పెట్టడానికి చిల్లు పెట్టాలన్నారని రేడియోనే వద్దనుకున్న మనిషి బాపు. అందుకని అతను ఇనుప పట్టీలను కొక్కెంలా వంచి, మడ్‌గార్డు లోపలి మడత అంచుకు పట్టి ఉండేలా బోల్టులతో బిగించే ఉపాయం చేశాడు.

జాకీ పెట్టి, చక్రం విప్పి, ఆ మడతను స్క్రూడ్రైవర్‌తో గీకుతుంటే గట్టిపడిన మట్టి పెళ్ళలు రాలాయి. నల్లరేగడి. మా ఊళ్ళో ఆ మట్టి చెరువు కింది మా చేనులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ చేను మీద అప్పటికే రెండు షెడ్లు, ఒక పొగగొట్టం లేచాయి. వానాకాలం బాపు కారును గట్టు దాకా తోలుకుపోయేవాడు, బురదలో దిగబడితే ఎడ్లను కట్టి లాగించేవాడు. అక్క వెనక సీట్లో నిలబడి ఎడ్లను అదిలించేది. అతను గీకుతూనే ఉన్నాడు. పని అయ్యాక ఆ మట్టిని ఊడ్చి జామచెట్టు మొదట్లో పోశాను.

వెనక చక్రాలకు రబ్బర్లు అవసరం లేదని అతను అన్నాడు. మన తలుపులకు తగిలే రాళ్ళన్నీ ముందు చక్రాలవే. వెనక చక్రాల రాళ్ళు వెనక వచ్చేవాళ్ళకు తగులుతాయి. నేను నాలుగింటికీ కట్టమన్నాను. మా కారు రాయి ఇంకొకరికి తగిలిందన్న మాట రాకూడదు.

ఇక పొడవు కొలవాల్సి వచ్చింది. అతను సుద్దముక్క చేతిలో పట్టుకుని ఆగాడు.

"నలుగురిని కూసోబెట్టి కొలువాలె పటేలా. ఖాళీ బండి లేసి ఉంటది. మంది ఎక్కితే కూసుంటది."

ఎవరిని కూర్చోబెడతామని అడిగాను. తానున్నాడు, వాళ్ళమ్మ ఉంది, పక్కింటివాళ్ళున్నారు, పిలుస్తానన్నాడు. మా కారు వెనక సీట్లో ఇంటివాళ్ళు తప్ప ఎవరూ కూర్చున్నది లేదు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా జరుగుతూ వచ్చింది. అతని తండ్రికి కూడా ముందు సీటే. ఇప్పుడు దర్వాజ తెరిచి, నలుగురిని పిలిచి, కాసేపు మా కారులో బరువుకు కూర్చోండి అనడం నావల్ల కాలేదు. మనుషులెందుకు, బస్తాలు పెడదామన్నాను.

అతను తల తిప్పి, ధాన్యం దాచే గది, గింజల అర్ర వైపు చూశాడు. ఆ అర్రకు తాళం కూడా వేసి లేదు.

"బస్తాలేడున్నయి పటేలా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు.

ఉన్న కారుకే కొలవమన్నాను. అయితే నేలకు జానెడు వదులుదామన్నాడు. జానెడు వదిలితే పొట్టి లాగులా ఉంటుందని, నాలుగు వేళ్ళు చాలన్నాను. అతను ఒకసారి నన్ను చూసి, నేల మీద నాలుగు వేళ్ళు ఆనించి గీత గీశాడు. సాయంత్రానికి నాలుగూ వేలాడాయి. చూడటానికి బాగున్నాయి. కారు కొత్త చెప్పులు తొడుక్కున్నట్టు కనిపించింది.

అమావాస్యకు ముందు రోజు తెల్లవారుజామున బయలుదేరాను. తెల్లచొక్కా, తెల్లధోతి, ఇస్త్రీవి. కంకర మొదలైన చోట కిటికీ అద్దం దించి విన్నాను. రాళ్ళు రబ్బరుకు తగిలి టప్ టప్‌మని కింద పడుతున్నాయి. కంకర ఉన్న ఇరవై మైళ్ళూ ఆ చప్పుడు వింటూ నడిపాను. జోగిపేటలో బావ ఇంటి ముందు దిగి, ముందుగా తలుపు కింద చూశాను. ఒక్క మచ్చ లేదు.

అక్క బయటికి వచ్చింది. జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది. నన్ను పలకరించకుండా కారు చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక తలుపు మీద దుమ్ములో వేలితో చిన్న గీత గీసింది. చిన్నప్పుడు అలా గీస్తే బాపు కోప్పడేవాడు. నేను ఆ గీతను తుడవలేదు.

బావ, వాళ్ళ జీతగాడు కలిసి ఒక బియ్యం బస్తా మోసుకొచ్చి డిక్కీలో వేశారు. నిండు బస్తా. దాని మీద రెండు గుమ్మడికాయలు. పెద్దలకు బియ్యం ఇచ్చేది మా ఇంట్లో, ఆ బియ్యం అక్క ఇంటి నుంచి రావడం నాకు మింగుడుపడలేదు. బియ్యం ఎందుకన్నాను.

"డిక్కీ ఖాళీగ ఎందుకు?" అంది. ఏడేళ్ళ తర్వాత నాతో ఆమె అన్న మొదటి మాట అది.

బావ ముందు కూర్చున్నాడు. అక్క, ఆమె ఇద్దరు బిడ్డలు వెనక. అక్క ఎడమ కిటికీ పక్కన, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. ఊరు దాటగానే చప్పుడు మొదలైంది. చీపురుతో రోడ్డు ఊడుస్తున్నట్టు వెనక నుంచి ఒకటే రాపిడి. గుంతలో పడ్డప్పుడల్లా అది గట్టిగా వినిపించేది. ఏంది ఆ చప్పుడు అని బావ అడిగాడు. గాలి అన్నాను. అద్దంలో అక్క ముఖం చూశాను. ఆమె కిటికీ బయటికి చూస్తోంది. సంగతి నాకు అప్పటికే తెలుసు. నేను ఆపలేదు. ఆపితే దిగాలి, దిగితే చెప్పాలి.

సంగారెడ్డి ఇంకా నాలుగు మైళ్ళు ఉందనగా, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ కడుతున్న చోట పక్క నుంచి మట్టి దారి వేశారు. ఒక్క బండికే చోటు. ఎదురుగా కంకర లారీ వచ్చి నిలబడింది. వెనక్కి తియ్యాల్సింది నేనే. రివర్సు గేరు వేసి రెండు గజాలు పోయానో లేదో, వెనక ఎడమ వైపు చర్రుమని రేకు చిరిగినట్టు చప్పుడై, కారు ఉలిక్కిపడి ఆగిపోయింది.

దిగి చూశాను. నేలకు ఆనుతున్న రబ్బరు మీదికి చక్రం ఎక్కింది. ఎక్కి లాగింది. చిల్లు పెట్టొద్దని కొక్కెం పట్టీ బిగించామే, ఆ పట్టీ మడ్‌గార్డు అంచును పట్టుకుని కిందికి ఈడ్చింది. రేకు బయటికి వంగి, నల్లరంగు జానెడు మేర పెచ్చులూడింది. జొన్నగింజలంత మచ్చలు తప్పించబోయి ఇంత చేశాను.

లారీ క్లీనరు కిందికి దిగి, చుట్టూ తిరిగి చూశాడు.

"అన్నా, బండికి లంగా జెర పొడుగైంది" అన్నాడు.

బావ ముఖం తిప్పుకుని నవ్వాడు. పిల్లలిద్దరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. నేను ఏం లేదు, ఐదు నిమిషాల పని అని, పానా తీసుకుని ఆ కంకర మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాను. ఇస్త్రీ చొక్కా సంగతి అప్పుడు గుర్తు రాలేదు. బోల్టు తిరగడం లేదు. పక్కన చీర కుచ్చిళ్ళు కనిపించాయి. అక్క గొంతుక్కూర్చుని కిందికి వంగి చూస్తోంది.

"ఎవరు కొలిచిన్రు దీన్ని?"

నేనే కొలిపించానన్నాను.

"ఎంతమందిని కూసోబెట్టి కొలిచిన్రు?"

నేను బోల్టు తిప్పుతున్నట్టు చేశాను. ఆమె కదలలేదు.

"ఏడేండ్లసంది ఈ బండిల ఎవ్వరు కూసోలేదా తమ్మీ?"

తమ్మీ అని పిలిచింది. కారు కింద పడుకుని ఉన్నందుకు ఆ నిమిషాన నాకు సంతోషం కలిగింది, ముఖం కనబడదు. ఎవ్వరూ కూర్చోలేదని చెప్పాను. తర్వాత, ముఖం కనబడని ఆ ధైర్యంతోనే, ఏడేళ్ళుగా లోపల ఉన్నది కూడా చెప్పాను.

"ఆ దినం కోర్టుల పని లేకుండె అక్కా. బండి కదలలె. చెప్పబుద్ధి కాలె."

లారీ ఇంజను ఒకటే కొట్టుకుంటోంది.

"చెప్తే ఇద్దరం కలిసి తోస్తుంటిమి గద" అంది. తర్వాత చెయ్యి కిందికి చాపింది. "ఆ పానా ఇటియ్యి. నీకు సందు దొరుకుతలేదు, నాకు దొరుకుతది."

బోల్టు ఆమే విప్పింది. చీర కొంగుకు గ్రీజు అంటుకుంది. ఊడిన రబ్బరును గుమ్మడికాయల పక్కన డిక్కీలో వేశాం. ఇంకో వైపు రబ్బరును పైకి మడిచి తాడుతో కట్టాం. మడ్‌గార్డు వంగిపోయి, ఒకటి ఊడి, ఒకటి కట్టేసి, నా చొక్కా వీపంతా మట్టితో, మేము మా ఊళ్ళోకి పట్టపగలు వచ్చాం. అందరూ చూశారు. నేను కారును ఊరి నడుమ నుంచే తెచ్చాను.

మర్నాడు అయ్యగారికి బియ్యం ఇచ్చాక ఫిట్టరు వచ్చాడు. వంగిన రేకు చూసి, తాను చెప్పిన మాట గుర్తు చేయలేదు. సుత్తి తీసి, కింద కట్టె పెట్టి, రేకును మెల్లగా లోపలికి కొట్టాడు. కొత్త రబ్బరుకు సరిపోను బెల్టు ముక్క మిగిలే ఉంది. ఈసారి కొలత తాను చూస్తానని అక్క వచ్చి నిలబడింది. దర్వాజ తెరిపించింది. ఫిట్టరును వాళ్ళమ్మను పిలుచుకు రమ్మంది.

ముసలమ్మ వచ్చింది. మా అక్కను పుట్టినప్పటి నుంచి ఎత్తుకు తిరిగిన మనిషి ఆమె. వెనక తలుపు తీసి ఉంటే, ఎక్కకుండా అక్కడే నిలబడి కొంగుతో పాదాలు తుడుచుకుంటోంది. తుడిచిన పాదాన్నే మళ్ళీ తుడిచింది. నా వైపు చూసింది.

"ఎక్కు అవ్వా. నువ్వు ఎక్కకుంటే కొలత రాదు" అంది అక్క.

ఆమె ఎక్కింది. వేరేవాళ్ళు కారు నడిపినప్పుడు బాపు కూర్చునే కుడి కిటికీ దగ్గర కూర్చుంది. పక్కన అక్క బిడ్డలు, ఆ పక్కన అక్క. ఫిట్టరు ముందు కూర్చోబోతే, బావ ముందు కూర్చుంటాడు, నువ్వు వెనక సర్దుకో అంది అక్క. మిగిలిన బియ్యం బస్తా డిక్కీలో పెట్టాం. కారు ఒక్కొక్కరు ఎక్కుతుంటే ఒక్కొక్క వేలు చొప్పున కిందికి దిగింది. బయట మిగిలింది నేనొక్కణ్ణే. సుద్దముక్క తీసుకుని, నాలుగు చక్రాల దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని గీతలు గీశాను. కడపటి చక్రం దగ్గర ఉండగా పైనుంచి ముసలమ్మ గొంతు వినిపించింది.

"మెల్లగ కొలువు పటేలా. మంచిగున్నది."

లోపల అందరూ నవ్వారు. కారు ఆ నవ్వుకు కొంచెం ఊగింది. నేను గీసిన గీతను చెరిపి మళ్ళీ గీశాను. కొలత తప్పి కాదు.

ఒక్క రోజుకని వచ్చిన అక్క నాలుగు రోజులు ఉంది. నేను జోగిపేట తీసుకుపోయి, ఆమె గడప దగ్గర దించి వచ్చాను. దారిలో ఏ చప్పుడూ రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు కంకర చప్పుడు మాత్రం చాలా ఎక్కువగా వినిపించింది.

ఆ తర్వాత నాలుగు పెత్రమాసలకు ఆమె ఆ కారులోనే వచ్చింది, ప్రతిసారీ డిక్కీలో బస్తాతో. ఐదో ఏడు రాలేదు. ఆమె పేర బియ్యం ఇవ్వాల్సింది అత్తవారింట్లోనేనని, మా ఇంట్లో ఇవ్వకూడదని అయ్యగారు చెప్పాడు. ఆయన చెప్పింది విన్నాను. ఆ రోజు విస్తరి మాత్రం ఒకటి ఎక్కువ వేయించాను.

రోడ్డు ఇప్పుడు వెడల్పుగా, నున్నగా ఉంది. కంకర లేదు, రాళ్ళు లేవు. ఫిట్టరు బొల్లారంలో వేరే ఫ్యాక్టరీకి మారి, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ముసలమ్మ లేదు. కారును నేను అమ్మలేదు. వారానికొకసారి ఇంజను నడిపి, తుడిచి ఆపుతాను. ఖాళీగా ఉన్నప్పుడు ఆ రబ్బర్లు నేలకు జానెడు పైన ఆగిపోయి ఉంటాయి. వెనక వంగిన చోట సుత్తి దెబ్బలు వెలుతురు పడితే ఇంకా తెలుస్తాయి.

ఈ మధ్య బ్యాటరీ మార్చడానికి వచ్చిన మెకానిక్ వంగి చూసి, ఈ రబ్బర్లు ఎవరో పొట్టిగా కోసిన్రు సార్, వేరేవి వేస్తానన్నాడు. వద్దన్నాను.

"పొట్టిగ లేవు" అని చెప్పాను. "అందరు కూసుంటే సరిగ్గ ఉంటయి."